దుర్గవ్వ చెప్పులు పట్టుకున్న మనిషి

ఎల్లారెడ్డి దుర్గవ్వ కోసం పద్నాలుగు అంతస్తుల ఓడ ఒకటి నడిసముద్రంలో ముక్కు తిప్పుకుని, తాడు తెంపుకున్న కోడెలా పరుగెత్తి, పరాయి దేశం ఒడ్డుకు చేరి, ఆమెను దించి, రొప్పుతూ నిలబడింది.

సరే, ముక్కు తిప్పుకోలేదు. అది ఎటూ పెనాంగ్‌కే పోతోంది. అంతస్తులు కూడా పద్నాలుగో పన్నెండో, పైనున్న ఈతకొలనును లెక్కలోకి తీసుకుంటామా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సముద్రం రెండుగా చీలి దారిచ్చిందని అసలే అనడం లేదు. కానీ ఆ ఓడ చేరాల్సిన వేళ కంటే ముందే చేరింది, అదీ దుర్గవ్వ కోసమే చేరింది. ఈ రెండు ముక్కల మీద ఎవరు ఎక్కడ ప్రమాణం చేయమన్నా చేయవచ్చు.

దుర్గవ్వ ఓడ ఎందుకెక్కిందో చెప్పాలి. అంతకంటే ముందు దుర్గవ్వ ఎవరో చెప్పాలి.

ఎల్లారెడ్డిలో ఆమెను దవాఖాన దుర్గవ్వ అంటారు. ఆమె డాక్టరమ్మ కాదు, నర్సమ్మ కాదు, ఆయా కూడా కాదు. వయసులో ఉన్నన్నాళ్లూ బీడీలు చుట్టింది, ఇప్పుడు కొడుకు భూపాల్ నడిపే విత్తనాల దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని వచ్చేపోయే రైతులను పలకరిస్తుంది. ఆమె అసలు పని మాత్రం జతకు పోవడం. వాడకట్టులో ఎవరి కాలు విరిగినా, ఎవరికి పురుటి నొప్పులు వచ్చినా, ఇక్కడ కాదు కామారెడ్డికి తీసుకుపొండని డాక్టరు అన్నా సరే, బండి కదిలేలోపు దుర్గవ్వ ముల్లెతో సహా ఎక్కి కూర్చుంటుంది. ఆ ముల్లె ఏడాది పొడుగునా కట్టే ఉంటుంది. ఒక దుప్పటి, స్టీలు గ్లాసు, ఫ్లాస్కు, నిమ్మకాయ తొక్కు సీసా, ఇన్ని సకినాలు. పిలవకుండా ఎందుకొచ్చావని ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదు. పెళ్లికైతే పిలవాలి గానీ దవాఖానకు పిలుపేమిటని ఆమె లెక్క.

అక్కడికి పోయాక ఆమె చేసేది కూడా పెద్దగా ఏమీ ఉండదు. లోపలికి తీసుకుపోయే ముందు రోగి చెప్పులు తీసుకుని, బల్ల మీద కూర్చుని, వాటిని ఒళ్లో పెట్టుకుంటుంది. అంతే. మొదట్లో అది దొంగల భయానికే మొదలైంది. వాడకట్టు సాలవ్వ కాన్పుకు పోయినప్పుడు, పిల్ల పుట్టేలోపు బయట విడిచిన కొత్త చెప్పులు మాయమయ్యాయి. బాలింత ఉత్త కాళ్లతో బస్టాండు దాకా నడవాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి దుర్గవ్వ ఎవరి చెప్పులూ నేల మీద వదలలేదు. అలా ఆమె చెప్పులు పట్టుకున్నవాళ్లంతా ఒక్కొక్కరే బయటికొచ్చి వాటిని తొడుక్కుని ఇంటికి పోతూ ఉండేసరికి, ఆ పనికి మరో అర్థం వచ్చి చేరింది. చెప్పులు ఒకరి ఒళ్లో ఉంటే, వాటి మనిషి తిరిగి రావలసిందే.

ఒక్కసారి మాత్రం ఆమె చెప్పులను చేత పట్టుకుని ఒంటరిగా ఇంటికి వచ్చింది. అవి ఆమె పెనిమిటి సిద్ధిరాములువి. ఆ రోజు ఆమె బల్ల మీద కూర్చున్నంతసేపూ ఏడ్చింది. తప్పు ఆ ఏడుపుదేనని ఆమె మనసులో గట్టిగా పడిపోయింది. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకుంది. చెప్పులు కింద పెట్టకూడదు. వాటిని పట్టుకున్న మనిషి ఏడవకూడదు.

ఇక ఓడ. భూపాల్ దుకాణంలో మక్క విత్తనాలు ఆ ఏడు బాగా అమ్ముడుపోయాయి. అందుకు మెచ్చి విత్తనాల కంపెనీ వాళ్లు సింగపూర్ నుంచి బయలుదేరే ఓడలో ఇద్దరికి షికారు ఇచ్చారు. భూపాల్ భార్య సంజన ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి చేరేలోపే బస్సు కిటికీలోంచి తల బయటపెట్టే మనిషి. "నేను సముద్రం మీద పోతే మళ్ల రాను, అత్తమ్మను తీస్కపో" అనేసింది. దుర్గవ్వ పోనంటే పోనంది. ఊళ్లో ఇద్దరు నిండు చూలాళ్లు ఉన్నారు, తను లేకుండా వాళ్లు ఎలా కంటారని ఆమె బెంగ. వాళ్లే వచ్చి, నువ్వు తిరిగొచ్చేదాకా ఆపుకుంటామని మాటిచ్చి పంపించారు. ముల్లె మాత్రం వెంట వచ్చింది. విమానాశ్రయంలో తొక్కు సీసా తీసేయమన్నారు, అదొక్కటే ఆమెకు తగిలిన దెబ్బ.

ఓడలో కామారెడ్డి జిల్లా డీలర్లు ఇరవై మంది దాకా ఉన్నారు. తాడ్వాయి భీమేష్ గొంతు అందరిలోకీ పెద్దది. ఓడ ఎక్కిన గడియలోనే పై అంతస్తులో ఈతకొలను పక్కనున్న మంచి కుర్చీలన్నింటి మీదా తువ్వాళ్లు పరిచి, "ఇగ ఇవి మనయి" అని ప్రకటించాడు. కామారెడ్డి బస్టాండులో కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినవాడికి ఆ సీటు చెందినట్టే, ఇక్కడా చెందుతుందని అతని నమ్మకం.

వీళ్లందరినీ తీసుకొచ్చిన కంపెనీ అధికారి అరుణ్‌కుమార్. హైదరాబాద్ కుర్రాడు, మెడలో టై, చేతిలో ఎప్పుడూ ఫోను. మొదటి రోజు రాత్రి భోజనాల దగ్గర దుర్గవ్వ నీలం పట్టీల హవాయి చెప్పులు చూసి ఇబ్బందిపడ్డాడు.

"ఆంటీ, ఈ హాల్లోకి చెప్పులతో రాకూడదు. భూపాల్‌గారు బూట్లు కొన్నారట కదా, అవి వేసుకోండి."

"బూట్లు కరుస్తున్నయి సారు. ఈ చెప్పులకేమైంది? కడిగినయే."

"ఇక్కడ పద్ధతి అంతే ఆంటీ."

దుర్గవ్వ చెప్పులు విప్పి, చంకలో పెట్టుకుని, ఉత్త కాళ్లతో లోపలికి పోయి పెరుగన్నం తిని వచ్చింది. పద్ధతికి పద్ధతీ దక్కింది, చెప్పులకు చెప్పులూ దక్కాయి.

మర్నాడు పొద్దున భీమేష్ ఉప్మా పళ్లెంతో వచ్చి కబురు చెప్పాడు. "అవ్వా, అరుణ్ సారు పడ్డడు. ఒకటే వాంతులు. కింద దవాఖానకు తీస్కపోయిండ్రు."

దుర్గవ్వ కళ్లు మెరిశాయి. నీళ్ల మీద తేలే ఊళ్లో కూడా దవాఖాన ఉందని తెలియగానే ఆమెకు అది సొంత ఊరిలా అనిపించింది. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి బరువుగా ఉంది. మెత్తని పరుపు మీద పడుకుంటే ఇలాగే ఉంటుందని సరిపెట్టుకుంది. లిఫ్టంటే పడక మెట్ల మీదుగా ముల్లెతో దిగింది. దిగేసరికి జాకెట్టు చెమటతో తడిసింది. మెట్లు ఎక్కువైతే ఇలాగే ఉంటుందని మళ్లీ సరిపెట్టుకుంది.

అరుణ్‌కుమార్ పచ్చగా వాడిపోయి మంచం మీద ఉన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుని, అతని నల్ల బూట్లు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఆంటీ, మీరెందుకు వచ్చారు?"

"మంచి మాటడిగినవ్. మనిషి పడ్డంక జతకు మనిషి ఉండద్దా?"

"నాకేం కాలేదండీ. వట్టి వాంతులు."

"అందరు గట్లనే అంటరు. కండ్లు మూస్కో."

తెల్లగడ్డం డాక్టరు అరుణ్‌కుమార్‌కు సూది వేసి తల తిప్పి దుర్గవ్వను చూశాడు. చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను చూసుడేంది? ఆయన్ని చూడు" అని ఆమె కసిరింది. "పేషంటు ఆయన."

డాక్టరు ఏదో అడిగాడు. అరుణ్‌కుమార్ మోచేతి మీద లేచి తెలుగులో అడిగాడు. చెమట ఎప్పటి నుంచి? చెయ్యి బరువుగా ఉందా? దవడ లాగుతోందా? మూడింటికీ దుర్గవ్వ అవునంది, మూడింటికీ తన కారణాలు చెప్పింది. కారణాలు ఎవరూ వినలేదు. అరుణ్‌కుమార్ మంచం దిగాడు, దుర్గవ్వను మంచం ఎక్కించారు. ఛాతీకి తీగలు తగిలించారు. యంత్రం నుంచి వచ్చిన కాగితం చూసి డాక్టరు ఫోను అందుకున్నాడు.

"ఆంటీ, భయపడకండి. మీకు గుండెపోటు వచ్చిందట."

"నాకెందుకొస్తది?" అంది దుర్గవ్వ, నిజంగా ఆశ్చర్యపోయి. "నేను జతకు వచ్చిన గదా."

అతని బూట్లు ఇంకా ఆమె పొట్ట మీదే ఉన్నాయి.

మందులు మింగించారు, ముక్కుకు గాలి గొట్టం పెట్టారు. ఓడలో చేయగలిగింది అంతవరకే. గుండెకు పోయే దారి పూడుకుపోయింది, తెరవాలంటే ఒడ్డున పెద్దాసుపత్రికి చేరాలి. కెప్టెన్ అప్పుడే ఓడను ఉరికించాడు. మంచం కింద నేల గజగజలాడటం దుర్గవ్వకు తెలిసింది. పక్కన భూపాల్ ఆమె చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. "ఏడ్వకురా, ఓడ బరువైతది" అంది ఆమె.

మధ్యాహ్నం దాటుతుండగా పెనాంగ్ చేరారు. అంబులెన్సులో ఆమె వెంట భూపాల్, అరుణ్‌కుమార్, ముల్లె. మిగతా డీలర్లకు ఆ వేళకు ఊరు చూపించే బస్సు కట్టి ఉంది. కొండ, గుడి, బజారు చూసి పొద్దుగూకేలోపు ఓడ ఎక్కాలి. బస్సు కదలగానే భీమేష్ లేచి డ్రైవరు భుజం తట్టి, చేతులతో గుండె చూపించి, అంబులెన్సు పోయిన దిక్కు చూపించాడు. గైడు కొండ అన్నాడు. ఇరవై మంది దవాఖాన అన్నారు. బస్సు దవాఖానకే పోయింది. దారిలో ఒకచోట ఆపించి అరటి గెల ఒకటి, కొబ్బరి బోండాలు కొన్నారు. రోగిని చూడబోతూ ఒట్టి చేతులతో పోవడం ఎలా?

లోపల దుర్గవ్వ మొండికేసింది.

అక్కడి డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. మణికట్టు దగ్గర సన్న తీగ పెట్టి గుండె దాకా పంపి దారి తెరుస్తారు, నొప్పి ఉండదు, ఆలస్యం మాత్రం చేయకూడదు. అరుణ్‌కుమార్ ఒక్కో మాటా తెలుగులో చెప్పాడు. దుర్గవ్వ వింటూ ఎదురుగా ఉన్న రెండు రెక్కల తలుపును చూసింది. ఇలాంటి తలుపులు ఆమెకు కొత్త కాదు. కానీ వాటి ఈవలి వైపే ఆమెది. బల్ల ఎక్కడుంటుందో, ఫ్యాను ఏ మూల తిరుగుతుందో, ఏ ఆయా మంచిదో చెప్పగలదు. ఆవలి వైపు ఏముంటుందో ఆమె ఏనాడూ చూడలేదు. అటు పోయినవాళ్లను తిరిగి రప్పించడానికి ఈవలి వైపు దుర్గవ్వ ఉండేది. ఇప్పుడు ఈవలి వైపు ఎవరున్నారు?

"నేను పోను. నా చెప్పులు ఎవరు పట్టుకుంటరు?"

"నేను పట్టుకుంటనే అవ్వా" అని భూపాల్ ముందుకొచ్చాడు, ముక్కు చీదుకుంటూ.

"నువ్వు వద్దు బిడ్డా. నువ్వు ఏడుస్తున్నవ్. ఏడ్చేటోళ్లు పట్టద్దు. నీ బాపువి నేను ఏడ్చుకుంట పట్టుకున్న."

డాక్టరమ్మ గోడ గడియారం వైపు చూసింది. దుర్గవ్వ అరుణ్‌కుమార్ వైపు చూసింది.

"సారు, నువ్వు ఏడుస్తవా?"

"లేదాంటీ."

"అయితే నువ్వు పట్టుకో. కింద పెట్టద్దు. నేను బయటికి వచ్చే దాక లేశి పోవద్దు. గదీ ఒప్పందం. ఒప్పుకుంటే పోత, లేకుంటే ఈడనే ఉంట."

అరుణ్‌కుమార్‌కు పొద్దుగూకేలోపు ఇరవై మందిని ఓడ ఎక్కించే పని ఉంది. ఎక్కించకపోతే ఉద్యోగం ఏమవుతుందో అతనికి బాగా తెలుసు. అయినా వంగి ఆ నీలం పట్టీల హవాయి చెప్పులు రెండూ తీసుకున్నాడు.

"పట్టుకుంటానాంటీ."

"ఆంటీ ఏంది, ఆంటీ? చెప్పులు పట్టుకున్నంక అవ్వ అను."

"పట్టుకుంటా అవ్వా."

అప్పుడు ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది, కండక్టరు రైట్ చెప్పినట్టు. మంచం కదిలింది.

ఆమె లోపలున్నప్పుడు బయట జరిగింది తర్వాత భీమేష్ చెప్పాడు. అతను చెప్పినదాంట్లో సగం తీసేసినా ఇంత మిగులుతుంది.

లోపలికి ఇద్దరి కంటే ఎక్కువ మందిని రానివ్వరని తెలిసి డీలర్లంతా ముందున్న పచ్చగడ్డి మీద చతికిలబడ్డారు. భూపాల్ పైనుంచి ముల్లె తెచ్చి ఇచ్చాడు. దుప్పటి పరిచారు, సకినాలు విప్పారు. కాపలా ఆయన మొదట అరిచాడు. చేతిలో సకినం పెట్టాక గొంతు తగ్గించాడు. రెండోది తిన్నాక నీళ్ల సీసాలు తెచ్చిచ్చాడు. లోపలికి పోయే మనుషులంతా ఆగి, ఎవరో మంత్రి పడ్డాడేమోనని అడిగిపోయారు. అరటిపళ్లు మాత్రం ఎవరూ ముట్టలేదు. అవి దుర్గవ్వవి.

పైన బల్ల మీద అరుణ్‌కుమార్ చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఓడ నుంచి ఫోను వచ్చింది. ఒక చేత్తో చెప్పులు పట్టుకుని, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని, కిటికీ దగ్గరికి పోయి అరిచాడు.

"భీమేష్‌గారూ! ఓడ పోతుందట! మీరందరూ టాక్సీలెక్కి వెళ్లిపోండి!"

"మనిషి లోపటుంటే మేం పోయి డ్యాన్సులు చూడాల్నా సారు? ఏం మాటలు?"

"వెళ్లకపోతే వదిలేసి పోతుంది!"

"పోదు తియ్యి. తువ్వాళ్లు ఏసి వచ్చినం గదా!"

ఇంతలో రేవు వైపు నుంచి ఓడ కూత వినిపించింది. గడ్డి మీద ఎవరూ కదల్లేదు. కామారెడ్డి బస్టాండులో డ్రైవరు హారన్ కొట్టి బస్సును కాస్త ముందుకు జరిపితే, పోతున్నాడని కాదు, చాయ్ తాగేవాళ్లను పిలుస్తున్నాడని అర్థం. రెండోసారి కూసింది. "ఇంకా పిలుస్తుండు" అన్నాడు భీమేష్. ఆ తర్వాత కూత రాలేదు. ఎర్రబడ్డ నీళ్ల మీద, ఇండ్ల కప్పుల సందులోంచి, పెళ్లి పందిరిలా దీపాలు వెలిగించుకుని ఓడ మెల్లగా జరిగిపోవడం అందరికీ కనిపించింది.

"అరే," అన్నాడు భీమేష్, "మన తువ్వాళ్లు!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఇరవై మంది కడుపులు పట్టుకుని నవ్వారు. కాపలా ఆయనకు ఏమీ అర్థం కాకపోయినా ఆయనా నవ్వాడు.

పైన అరుణ్‌కుమార్ కూడా కిటికీలోంచి ఓడను చూశాడు. నవ్వలేదు, ఏడవలేదు. ఏడవనని మాటిచ్చాడు. వెనక్కి వచ్చి బల్ల మీద కూర్చుని చెప్పుల దుమ్ము చేతి రుమాలుతో తుడిచాడు.

తలుపు రెక్కలు తెరుచుకున్నాయి.

దుర్గవ్వకు మొదట కప్పు మీది దీపాలు కనిపించాయి. తర్వాత కొడుకు ముఖం. దాని పక్కన ఆ హైదరాబాద్ కుర్రాడు, టై వదులైపోయి, జుట్టు రేగిపోయి, రెండు చేతుల్లో రెండు చెప్పులతో. గుండె మీద నుంచి బియ్యం బస్తా దించినట్టుంది ఆమెకు. దారి తెరిచింది డాక్టరమ్మే. కానీ ఆ తీగ లోపల కదులుతున్నంతసేపూ ఆమె మనసులో చూస్తూ ఉన్నది ఆ చెప్పులనే.

"కింద పెట్టినవా?"

"లేదవ్వా."

"ఏడ్చినవా?"

"లేదు."

"మరి కండ్లు ఎర్రగున్నయేంది?"

"ఓడ పోయింది అవ్వా."

"పోతే పోనీ. దానికేం తెలుసు." ఆమె కాళ్లు దుప్పటిలోంచి బయటకు చాపింది. "ఏది, తొడుగు."

నడవకూడదని డాక్టరమ్మ వారించింది. తొడుక్కుంటాను, నడవనులే అంది దుర్గవ్వ. అరుణ్‌కుమార్ వంగి తొడిగాడు. ఆమె చెప్పులతోనే మంచం మీద పడుకుని వార్డులోకి పోయింది. ఆ దేశంలో అలా పోయిన మొదటి మనిషి ఆమేనట, చివరి మనిషి కూడా ఆమే కావచ్చు.

డాక్టరమ్మ సరేననే దాకా అక్కడే ఉండి, అందరూ కలిసి విమానంలో హైదరాబాద్ చేరారు. పెట్టెలు తర్వాత వచ్చాయి, తువ్వాళ్లు రాలేదు. అరుణ్‌కుమార్‌ను కంపెనీ పెద్దలు పిలిచి గట్టిగా కేకలేశారు. అతని నౌకరికి ఏమైనా అయితే వచ్చే పంటకాలానికి తమ దుకాణాల్లో వేరే విత్తనాలు ఉంటాయని తాడ్వాయి నుంచి మద్నూర్ దాకా డీలర్లంతా ఒకే మాట చెప్పారు. కేకలు ఆగిపోయాయి. ఇప్పుడతను ఎల్లారెడ్డి మీదుగా పోయినప్పుడల్లా దుకాణం ముందు ఆగుతాడు. బూట్లు విప్పి లోపలికొచ్చి, ఫ్యాను కింద కూర్చుని దుర్గవ్వ పెట్టే పెరుగన్నం తింటాడు. చూలాళ్లిద్దరూ మాట నిలబెట్టుకున్నారు. దుర్గవ్వ తిరిగొచ్చాకే కన్నారు. కామారెడ్డి దాకా వాళ్ల జతకు ఎవరు పోయారో చెప్పనక్కర్లేదు. డాక్టరు బరువులు మోయొద్దన్నాడు కాబట్టి ముల్లె మాత్రం భూపాల్ మోశాడు.

ఇదంతా రాసి, దుకాణంలో రైతులు నలుగురు ఉన్నప్పుడు దుర్గవ్వకు నేనే చదివి వినిపించాను. ఆమె చివరిదాకా కదలకుండా విన్నది. తర్వాత కొంగుతో మూతి తుడుచుకుంది.

"అంతా అబద్ధం."

"అదేందవ్వా! ఏది అబద్ధం?" అన్నాను.

"నాకు గుండెనొప్పి ఎన్నడొచ్చింది? నా గుండెకేమైంది? కక్కింది ఆ సారు. మంచంల పడ్డది ఆ సారు. నేను జతకు పోయిన. ఆయన బూట్లు నా ఒళ్లె పెట్టుకొని కూసున్న. ఆయన బయటికొచ్చి తొడుక్కున్నడు, ఇంటికొచ్చినం. గంతే."

"మరి నీ చెప్పులు?"

"నా చెప్పులు నా కాళ్లకే ఉండె."

"మరి ఓడ?"

"ఓడేంది?" అంది దుర్గవ్వ. "బస్సుల పోయినం."